ఇల్లు చవక, హోటల్ ఖరీదు: శరణు కోరేవారి వసతికి ప్రభుత్వాలు ఖరీదైన దారే ఎందుకు పడతాయి?

క్లుప్తంగా: బ్రిటన్‌లో శరణు కోరి వచ్చిన మనిషిని హోటల్లో ఉంచితే 2024-25లో రాత్రికి సగటున 145 పౌండ్లు, మామూలు ఇంట్లో ఉంచితే 23 పౌండ్లు అయింది. ఈ తేడా ప్రభుత్వానికి బాగా తెలుసు. అయినా హోటళ్లు కొనసాగడానికి వచ్చేవారి సంఖ్య ఒక్కటే కారణం కాదు. దరఖాస్తులు తేల్చడంలో జాప్యం, ముందు తక్కువ చూపించి తర్వాత అత్యవసర నిధి నుంచి తెచ్చుకునే బడ్జెట్ పద్ధతి, ఒక శాఖకు మిగిలిన డబ్బు ఇంకొకరి నెత్తిన ఖర్చుగా పడడం కూడా అంతే ముఖ్యమైన కారణాలు. జర్మనీలో, న్యూయార్క్‌లో పద్ధతులు వేరు. అక్కడ కూడా అసలు పేచీ బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గరే.

2025 వేసవిలో లండన్‌ శివార్లకు ఆనుకుని ఉన్న ఎపింగ్ పట్టణంలో బెల్ హోటల్ ముందు వారాల తరబడి నిరసనలు జరిగాయి. ఆ హోటల్లో ప్రభుత్వం ఉంచిన ఒక వ్యక్తి లైంగిక దాడి కేసులో అరెస్టు కావడంతో గొడవ మొదలైంది. స్థానిక కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటి పాలక సంస్థ) కోర్టుకెక్కింది. హోటల్‌ను ఖాళీ చేయించాలని ఆగస్టు 19న హైకోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. పది రోజులకే అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. నవంబరులో శాశ్వత నిషేధం ఇవ్వడానికి హైకోర్టు కూడా ఒప్పుకోలేదు.

శాంతిభద్రతల మీద, వలసల మీద వాదనలు సాగినంతకాలం ఒక సాదా ప్రశ్న వెనకబడిపోయింది. ఆరో వంతు ఖర్చుతో అయ్యే పనికి ఇంత డబ్బు పోయడానికి ఏ ప్రభుత్వమైనా ఎందుకు ఒప్పుకుంటుంది? హోటళ్లు మూసేస్తామని కన్జర్వేటివ్ ప్రభుత్వం చెప్పింది, తర్వాత వచ్చిన లేబర్ ప్రభుత్వం కూడా చెప్పింది. కాబట్టి దీన్ని ఒక పార్టీ ఖాతాలో వేసి ఊరుకోవడం కుదరదు.

దరఖాస్తుదారు, శరణార్థి: బిల్లు ఎవరిది?

వార్తల్లో ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. డబ్బు లెక్కలో మాత్రం వీళ్లు వేర్వేరు. శరణు కోరుతూ దరఖాస్తు పెట్టుకుని నిర్ణయం కోసం ఎదురుచూస్తున్న మనిషి దరఖాస్తుదారు. దరఖాస్తు ఆమోదం పొందాక అతను శరణార్థి అవుతాడు.

బ్రిటన్‌లో 1999 నాటి వలస, శరణు చట్టం ప్రకారం, చేతిలో డబ్బు లేక వీధిన పడే పరిస్థితిలో ఉన్న దరఖాస్తుదారుకు తలదాచుకునే చోటు, తిండి ఖర్చు ఇవ్వడం కేంద్ర హోం శాఖ బాధ్యత. అంతకు ముందు ఈ భారం స్థానిక కౌన్సిళ్ల మీద ఉండేది. విమానాలు, పడవలు వచ్చే లండన్, కెంట్ ప్రాంతాల మీదే మొత్తం పడుతోందన్న ఫిర్యాదుతో 2000 నుంచి దాన్ని కేంద్రం తీసుకుని, మనుషుల్ని దేశమంతటా సర్దడం మొదలుపెట్టింది.

దరఖాస్తు ఆమోదం పొందిన రోజు నుంచి హోం శాఖ గడియారం తిరగడం మొదలవుతుంది. సాధారణంగా 28 రోజుల్లో ఆ వసతి ఖాళీ చేయాలి. ఆమోదం వచ్చాక పని వెతుక్కోవచ్చు, అందరిలాగే ప్రభుత్వ సాయానికి అర్హత ఉంటుంది. ఇల్లు దొరక్కపోతే మాత్రం స్థానిక కౌన్సిల్ తలుపు తట్టాలి. మనిషి అతనే, ఊరూ అదే. బిల్లు మాత్రం లండన్‌లోని ఒక మంత్రిత్వ శాఖ నుంచి ఊళ్లోని కౌన్సిల్‌కు బదిలీ అయింది. ఈ కథలో చాలా ముడులు ఇక్కడే పడతాయి.

మూడో రకం, ప్రత్యేక పథకాల మీద వచ్చేవారు. 2022లో ఉక్రెయిన్ నుంచి వచ్చినవారికి బ్రిటన్ ముందే వీసా ఇచ్చి, తమ ఇళ్లలో చోటిచ్చే కుటుంబాలకు నెలకు 350 పౌండ్లు కృతజ్ఞతగా చెల్లించింది. కౌన్సిళ్లకు మొదట మనిషికి 10,500 పౌండ్లు, 2023 జనవరి నుంచి వచ్చినవారికి 5,900 పౌండ్ల చొప్పున ఇచ్చింది. ఆ పథకాన్ని హోటళ్లతో నేరుగా పోల్చడం సరికాదు. జనంలో ఉన్న సానుభూతి మీద, ఖాళీ గదులున్న ఇళ్ల మీద అది నడిచింది. ప్రభుత్వం తల్చుకుంటే వసతికి వేరే దారులూ వేయగలదని మాత్రం అది చూపించింది.

ఒక మనిషి, ఒక ఏడాది

2024-25 సగటు లెక్కన హోటల్లో ఒక మనిషికి రాత్రికి 145 పౌండ్లు అంటే ఏడాదికి దాదాపు 53,000 పౌండ్లు. మామూలు ఇంట్లో 23 పౌండ్ల చొప్పున వేసుకున్నా ఏడాదికి 8,500 పౌండ్లు దాటదు. భోజనం పెట్టే హోటల్లో ఉన్న మనిషి చేతికి వారానికి వచ్చేది 9.95 పౌండ్లు, అంటే ఏడాదికి 520 పౌండ్ల లోపే. తన పేరు మీద ఖర్చయ్యే ప్రతి వంద పౌండ్లలో ఒక్క పౌండు మాత్రమే అతని చేతికి అందుతుంది. ఇంట్లో ఉండి సొంతంగా వండుకునేవారికి వారానికి 49.18 పౌండ్లు ఇస్తారు. ఆ భత్యం కలుపుకున్నా ఇంటి ఖర్చు హోటల్ దరిదాపుల్లోకి రాదు.

మిగతా తొంభై తొమ్మిది పౌండ్లూ గది అద్దెకే పోతాయనుకుంటే పొరపాటు. హోటల్‌ను గది గదిగా కాకుండా మొత్తంగా మాట్లాడుకుంటారు కాబట్టి ఖాళీగా ఉన్న గదికీ డబ్బు కట్టాల్సిందే. వండుకునే వీలు లేదు గనక మూడు పూటలా భోజనం బయటి నుంచి రావాలి. రాత్రింబవళ్లు సెక్యూరిటీ, హోటల్లోనే ఉండే సిబ్బంది, రవాణా, వీటన్నిటి మీద కాంట్రాక్టు సంస్థ లాభం. ఒక ఇంట్లో నలుగురు ఉంటే ఇందులో సగానికి పైగా పద్దులు అసలు పుట్టవు. వంటగది అన్నది ఎంత పెద్ద పొదుపో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఈ రేటు రాతి మీద గీత కూడా కాదు. 2024 ఏప్రిల్‌లో 162 పౌండ్లున్నది 2025 మార్చికి 119కి దిగింది. ఒక గదిలో ఎక్కువమందిని సర్దడం, సగం ఖాళీగా ఉన్న హోటళ్లను వదులుకోవడం, రేట్లు మళ్లీ బేరమాడడం దీనికి కారణాలు. బేరమాడితే తగ్గే ధర అయినప్పుడు అంతకు ముందు ఎందుకు ఆడలేదన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు కాంట్రాక్టుల్లో ఉంది.

2019లో కుదిరిన కాంట్రాక్టులు

2019లో హోం శాఖ వసతి పనిని పదేళ్ల కాలానికి మూడు సంస్థలకు అప్పగించింది. వాయవ్య ఇంగ్లండ్, మిడ్‌లాండ్స్, తూర్పు ప్రాంతం సెర్కోకు. ఈశాన్యం, యార్క్‌షైర్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ మియర్స్‌కు. దక్షిణ ఇంగ్లండ్, వేల్స్ క్లియర్‌స్ప్రింగ్స్‌కు వెళ్లాయి. పదేళ్లకు మొత్తం 450 కోట్ల పౌండ్లు అవుతుందని అప్పట్లో అంచనా. ఆ దేశపు జాతీయ ఆడిట్ కార్యాలయం 2025 మేలో వేసిన లెక్క ప్రకారం అది 1,530 కోట్లకు చేరుతుంది.

ఇదే నివేదికలో ఇంకో పోలిక ఉంది. ప్రభుత్వ వసతిలో ఉన్నవారు 2019 డిసెంబరులో సుమారు 47,000. 2024 డిసెంబరుకు 1,10,000. అంటే జనం రెండుంపావు రెట్లు పైచిలుకు పెరిగితే కాంట్రాక్టు విలువ మూడు రెట్లు దాటిపోయింది. ఆ మిగతా పెరుగుదల ఎక్కడిదంటే చూపు హోటళ్ల వైపే పోతుంది. వసతిలో ఉన్నవారిలో హోటళ్లలో ఉన్నది 35 శాతం మందే. కాంట్రాక్టుల వార్షిక ఖర్చులో వాటి వాటా మాత్రం 76 శాతం.

హోటల్ అన్నది ఈ కాంట్రాక్టుల్లో మొదట అత్యవసర ఏర్పాటు మాత్రమే. ఇళ్లు సరిపోని రోజుల్లో కొన్నాళ్లు సర్దుకోవడానికి పెట్టుకున్న వెసులుబాటు. 2020లో కోవిడ్ రావడంతో ఉన్నవారిని బయటికి పంపడం ఆగింది, కొత్తవారు వస్తూనే ఉన్నారు. హోటళ్లు ఎలాగూ ఖాళీగా ఉన్నాయి. తాత్కాలికం అక్కడే స్థిరపడిపోయింది. 2022లో చిన్న పడవల మీద ఇంగ్లిష్ చానల్ (ఫ్రాన్స్‌కు, బ్రిటన్‌కు మధ్య సముద్రం) దాటి 45,000 మందికి పైగా వచ్చారు. 2023 సెప్టెంబరు నాటికి హోటళ్లలో ఉన్నవారు 56,000, హోటళ్లు 400కు పైగా.

ఇల్లు వెతికి, బాగుచేయించి, కౌన్సిల్‌తో మాట్లాడి, అద్దె ఒప్పందం చేసుకోవడం నెలల పని. హోటల్‌కు ఒక ఫోన్ చాలు. హోటళ్ల మీద కాంట్రాక్టు సంస్థలకు ఎక్కువ లాభం మిగిలే అవకాశం ఉందని ఆడిట్ కార్యాలయమే రాసింది. 2019 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు వరకు మూడు సంస్థలకూ కలిపి వచ్చిన లాభం 38.3 కోట్ల పౌండ్లు. లాభం ఒక హద్దు దాటితే వెనక్కి ఇచ్చేయాలన్న నిబంధన ఉంది. దాని కింద రెండు సంస్థల నుంచి కోట్ల పౌండ్లు రావాల్సి ఉన్నా వసూలులో హోం శాఖ ఆలస్యం చేసిందని పార్లమెంటు కమిటీ 2025 అక్టోబరులో తప్పుపట్టింది. సంస్థలను తిట్టడం తేలిక. అలాంటి కాంట్రాక్టు రాసింది ఎవరన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

తేలని ఫైళ్లు

వసతి ఖర్చును అతి తేలికైన గుణకారంగా చూడొచ్చు: ఎంతమంది, ఎన్ని రోజులు, రోజుకు ఎంత. రాజకీయ చర్చంతా మొదటి అంకె చుట్టూ, కొంత మూడో అంకె చుట్టూ తిరుగుతుంది. ప్రభుత్వం చేతిలో నేరుగా ఉన్నది రెండోది.

2023 జూన్ చివరికి తొలి నిర్ణయం కోసం ఎదురుచూస్తున్నవారు 1,75,000 మంది. ఆ ఏడాదే వచ్చిన అక్రమ వలసల చట్టం వల్ల, అనుమతి లేకుండా వచ్చినవారి దరఖాస్తులను పరిశీలించడం చాలావరకు నిలిచిపోయింది. వాళ్లను రువాండాకు పంపేస్తామన్నది అప్పటి ప్రణాళిక. ఆ పథకం మీద 70 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయని, వెళ్లింది నలుగురేనని, వాళ్లూ ఇష్టపడి వెళ్లినవారేనని 2024 జులైలో కొత్త ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. పంపడం లేదు, తేల్చడం లేదు. ఫైలు బల్ల మీద ఉన్నన్ని రాత్రులూ హోటల్ బిల్లు పెరుగుతూనే పోయింది.

తర్వాత పరిశీలన మళ్లీ మొదలైంది, తొలి దశ పెండింగ్ తగ్గింది. అయితే తిరస్కరణలు పెరిగేసరికి జనం అప్పీలుకు వెళ్లారు. 2025 మార్చి చివరికి ట్రిబ్యునల్ ముందు దాదాపు 51,000 అప్పీళ్లు ఉన్నాయి. అప్పట్లో ఒక్కో అప్పీలు తేలడానికి సగటున ఏడాదికి పైగా పట్టేది. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ వసతి ఇవ్వాల్సిందే. కేసులు తేల్చే న్యాయమూర్తులు, దుబాసీలు, లాయర్ల సాయం న్యాయ శాఖ పద్దులోకి వస్తాయి. హోటల్ బిల్లు హోం శాఖది. ట్రిబ్యునల్ మీద కాస్త డబ్బు పెడితే హోటళ్ల మీద చాలా మిగులుతుంది, కానీ పెట్టేది ఒకరు, మిగిలేది ఇంకొకరికి.

బడ్జెట్ పుస్తకంలో చిన్న అంకె

ఈ వ్యవహారంలో అందరి కంటా పడాల్సిన, ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. లండన్‌లోని ఆర్థిక అధ్యయన సంస్థ ఐఎఫ్ఎస్ 2024 ఆగస్టులో హోం శాఖ బడ్జెట్‌ను తిరగేసింది. శరణు, సరిహద్దు, వీసా, పాస్‌పోర్టు పనులకు 2021-22 నుంచి మూడేళ్లలో ఆ శాఖ బడ్జెట్‌లో మొదట చూపించుకున్నది మొత్తం 32 కోట్ల పౌండ్లు. ఖర్చయింది 790 కోట్లు. ఒక ఏడాది అంచనా తప్పితే అనుకోని పరిణామం అనుకోవచ్చు. మూడేళ్లూ అదే తప్పు వస్తే దాన్ని పద్ధతి అనాలి.

ఆ తేడా ఎలా పూడిందంటే, సంవత్సరం చివర్లో ట్రెజరీ (ఆర్థిక శాఖ) అత్యవసర నిధి నుంచి డబ్బు తెచ్చి అనుబంధ పద్దుల్లో సర్దారు. హోటల్ బిల్లు ఏడాదంతా వస్తుందని అందరికీ తెలుసు. అయినా ముందు రాయరు. రాస్తే ఇంకో పద్దు కోయాలి, లేదా వలసల ఖర్చు ఇంత అని ముందే ఒప్పుకోవాలి. ఇద్దరికీ ఇష్టం లేని పని అది, ఇటు ఆ శాఖకూ, అటు ట్రెజరీకీ.

దీని ఫలితం నేరుగా వసతి మీద పడుతుంది. అత్యవసర నిధి నుంచి వచ్చే డబ్బు ఆ ఏడాది బిల్లులకే. దానితో ఇళ్లు కొనలేరు, పదేళ్ల లీజు రాయలేరు, కౌన్సిళ్లతో కలిసి కట్టలేరు. చవకైన వసతికి ముందుగా, నమ్మకంగా, ఏళ్ల తరబడి వచ్చే డబ్బు కావాలి. ఖరీదైన వసతికి మాత్రం అప్పటికప్పుడు దొరికే డబ్బు సరిపోతుంది. అందుకే లేని డబ్బుతో హోటల్ నడుస్తుంది, ఉన్న డబ్బుతో ఇల్లు కట్టడం కుదరదు. చేతిలో డబ్బు లేక నెల సరుకు ఒకేసారి కొనలేని ఇంట్లో రోజూ చిల్లరగా కొని ఎక్కువ కట్టినట్టే ఇదీ.

విదేశీ సాయం లోపలే ఖర్చయిన తీరు

ఇంకో గల్లాపెట్టె కూడా ఉంది. సంపన్న దేశాలు పేద దేశాలకిచ్చే అభివృద్ధి సాయాన్ని లెక్కగట్టే నియమాలు ఆ దేశాల కూటమి అయిన ఓఈసీడీ కమిటీవి. ఆ నియమాల ప్రకారం, శరణు కోరి వచ్చినవారు, శరణార్థులు తమ దేశంలో గడిపే మొదటి పన్నెండు నెలల వసతి, తిండి ఖర్చును కూడా విదేశీ సాయంగా చూపించుకోవచ్చు. బ్రిటన్ 2022లో ఇలా 370 కోట్ల పౌండ్లు, 2023లో 430 కోట్లు చూపించింది. 2023లో ఆ దేశం చేసిన మొత్తం సాయంలో ఇది నాలుగో వంతు కంటే ఎక్కువ. ఆఫ్రికాలోనో ఆసియాలోనో ఖర్చు కావాల్సిన డబ్బు ఇంగ్లండ్ హోటళ్లకు చేరిందన్నమాట. సభ్య దేశాలన్నీ కలిసి 2023లో ఈ పేరుతో చూపించింది దాదాపు 3,100 కోట్ల డాలర్లు. ఆస్ట్రేలియా, లక్సెంబర్గ్ మాత్రం ఇలా చూపించుకోవు.

లెక్క నియమం ప్రకారం తప్పేమీ లేదు. అది పెట్టే ప్రలోభమే చిక్కు. సాయం మొత్తానికి జాతీయాదాయంలో ఇంత శాతం అని హద్దు ఉన్నప్పుడు, అందులోంచి హోం శాఖ ఎంత వాడుకున్నా ఆ నష్టం విదేశాంగ శాఖ కార్యక్రమాలకే. వాడుకున్న శాఖకు పొదుపు చేయాలన్న ఒత్తిడి ఉండదు. బ్రిటన్ సాయాన్ని పరిశీలించే స్వతంత్ర కమిషన్ 2023 మార్చిలో చెప్పింది ఇదే. 2022 చివర్లో ట్రెజరీ రెండేళ్లకు అదనంగా 250 కోట్ల పౌండ్లు ఇచ్చినా విదేశాల్లోని కార్యక్రమాలకు కోతలు తప్పలేదు. 2027 నాటికి సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 0.3కు దించుతామని 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. పెట్టె చిన్నదైతే అందులోంచి హోటళ్లకు తీయగలిగేదీ తగ్గుతుంది. హోటళ్లు మూయాలన్న తొందర వెనక ఈ లెక్క కూడా ఉంది.

నౌక, సైనిక స్థావరాలు

హోటళ్లకు బదులుగా పెద్ద స్థలాలు చూపడం ప్రతి ప్రభుత్వానికీ ఇష్టమే. వినడానికి చవకగా, కఠినంగా ఉంటుంది. పోర్ట్‌ల్యాండ్ రేవులో నిలిపిన బిబ్బీ స్టాక్‌హోమ్ నౌకలో 2023 ఆగస్టులో మొదటి బృందాన్ని ఎక్కించిన కొద్ది రోజులకే నీటిలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా బయటపడి దింపేశారు. తర్వాత మళ్లీ ఎక్కించినా, కొత్త ప్రభుత్వం కాంట్రాక్టు పొడిగించలేదు. స్కాంప్టన్ వైమానిక స్థావరం మీద 6 కోట్ల పౌండ్లు పెట్టాక, అందులో ఒక్కరినీ ఉంచకుండానే 2024లో వదిలేశారు. నార్త్‌ఐ అనే పాత జైలు స్థలాన్ని 1.54 కోట్ల పౌండ్లకు కొన్నారు. అమ్మినవాళ్లు దాన్ని ఏడాది క్రితం కొన్నది 63 లక్షలకు. అక్కడ ఆస్బెస్టాస్ కాలుష్యం ఉందని ముందే తెలుసు.

ఈ స్థలాలన్నీ కలిపి చూస్తే హోటళ్ల కంటే 4.6 కోట్ల పౌండ్లు ఎక్కువే అవుతుందని 2024 మార్చిలో ఆడిట్ కార్యాలయం లెక్కతేల్చింది. నీళ్లు, కరెంటు, మురుగు, కంచె, వైద్యం అన్నీ మొదటి నుంచి వేసుకోవాలి. ఆ ఖర్చు పూడాలంటే చాలామంది చాలాకాలం ఉండాలి. కోర్టు కేసులు, స్థానిక అభ్యంతరాలు చూసి సంఖ్య తగ్గించేసరికి తలసరి ఖర్చు పైకి పోతుంది. 2025 అక్టోబరులో ఇన్‌వర్నెస్‌లోని కామెరాన్ బ్యారక్స్, ససెక్స్‌లోని క్రౌబరో శిక్షణా కేంద్రాల్లో కలిపి 900 మందిని ఉంచుతామని ప్రకటించినప్పుడు ఈ పాత లెక్కే మళ్లీ చర్చకొచ్చింది. హోటల్ గేటు ముందు గొడవలు తగ్గడం వీటివల్ల కలిగే లాభం కావచ్చు. డబ్బు మిగలడం మాత్రం ఇప్పటిదాకా రుజువు కాలేదు.

కౌన్సిల్ దగ్గర క్యూ

చవకైన ఇళ్లు కావాలన్నవారు ఇంకో గోడకు తగులుకుంటారు. ఇంగ్లండ్‌లో 2025 మార్చి నాటికి సొంత చోటు లేక తాత్కాలిక వసతిలో ఉన్న కుటుంబాలు 1,31,000. దీనికి కౌన్సిళ్లు పెట్టే ఖర్చు 2024-25లో 280 కోట్ల పౌండ్లు. వాళ్ల కోసం కౌన్సిల్ వెతికే చవక ఇళ్లనే హోం శాఖ కాంట్రాక్టర్లూ వెతుకుతున్నారు. ఇంటి యజమానికి ఎవరైనా ఒకటే, ఎక్కువ ఇచ్చినవాడికి, ఐదారేళ్లు ఖాయంగా అద్దె కట్టేవాడికి ఇస్తాడు. రెండు ప్రభుత్వ జేబులు ఒకదానితో ఒకటి పోటీపడి రేటు పెంచుకోవడం ఇక్కడ జరుగుతోంది.

ఇళ్లు ఎక్కడ చవకో అక్కడికే జనాన్ని పంపడం వల్ల ఉత్తర ఇంగ్లండ్‌లోని పేద పట్టణాల మీద బరువు ఎక్కువ పడింది. అన్ని కౌన్సిళ్లూ పాలుపంచుకోవాలని 2022లో నియమం మార్చినా, ఇళ్ల ధరలు మాత్రం మారలేదు.

నిర్ణయాల వేగం పెంచితే దీని ఇంకో అంచు కనిపిస్తుంది. ఒకేసారి వేలమందికి ఆమోదం వస్తే 28 రోజుల తర్వాత వేలమంది కౌన్సిల్ క్యూలో చేరతారు. ఆ గడువును 2024 డిసెంబరు నుంచి ప్రయోగాత్మకంగా 56 రోజులు చేశారు. 2025 సెప్టెంబరు నుంచి చాలామందికి మళ్లీ 28కి తెచ్చారు. గడువు పెంచితే హోం శాఖ బిల్లు పెరుగుతుంది, తగ్గిస్తే కౌన్సిల్ బిల్లు పెరుగుతుంది. రెండు పక్కలా కట్టేది పన్ను చెల్లించేవాడే కాబట్టి ఏ శాఖ ఎంత మిగిల్చిందని చెప్పుకున్నా మొత్తం లెక్కలో పెద్దగా తేడా ఉండదు.

జర్మనీలో తలసరి లెక్క, న్యూయార్క్‌లో పాత ఒప్పందం

జర్మనీలో దరఖాస్తులు తేల్చేది కేంద్ర కార్యాలయం, వసతి ఇచ్చేది రాష్ట్రాలు, వాటి కింద మునిసిపాలిటీలు. ఎవరికి ఎంతమంది అన్నది ఒక సూత్రం ప్రకారం నడుస్తుంది. మూడింట రెండు వంతుల బరువు రాష్ట్ర పన్ను ఆదాయానికి, ఒక వంతు జనాభాకు. 2024 నుంచి ప్రతి కొత్త దరఖాస్తుదారుకు ఏడాదికి 7,500 యూరోలు కేంద్రం రాష్ట్రాలకు ఇస్తోంది. అంతకు ముందు గంపగుత్తగా ఇచ్చే మొత్తం మీద ప్రతి ఏడాదీ బేరం జరిగేది. ఇప్పుడు జనం పెరిగితే డబ్బు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఈ మొత్తం చాలదని మునిసిపాలిటీలు అంటూనే ఉన్నాయి. ఖాళీ పడకలు కూడా కొన్ని సిద్ధంగా పెట్టుకోవాలి కదా, జనం తగ్గిన ఏడాది వాటి ఖర్చు ఎవరిది అన్నది వాళ్ల వాదన.

బ్రిటన్‌తో పోలిస్తే కనిపించే పెద్ద తేడా కట్టడాల్లో ఉంది. వాణిజ్య ప్రాంతాల్లో కూడా శరణార్థుల వసతి కట్టుకునేలా 2014లో నిర్మాణ నిబంధనలు సడలించారు. బెర్లిన్ నగరం ముందే తయారుచేసిన భాగాలతో అపార్ట్‌మెంట్ల లాంటి భవనాలు కట్టింది. అవసరం తీరాక వాటిని మామూలు సామాజిక గృహాలుగా మార్చుకోవచ్చు. పెట్టిన డబ్బు ఆ ఊరికి ఆస్తిగా మిగులుతుంది. అంతమాత్రాన అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. అదే బెర్లిన్‌లో, మూతపడిన టేగెల్ విమానాశ్రయంలో వేలమంది ఏళ్ల తరబడి గుడారాల్లాంటి హాళ్లలో ఉన్నారు.

న్యూయార్క్‌ది పూర్తిగా వేరే కథ. చోటు అడిగినవారికి చోటివ్వాలని 1981లో ఒక కోర్టు కేసులో నగరం రాసిచ్చిన ఒప్పందం ఉంది. అది నగరంలోని నిరాశ్రయుల కోసం పుట్టినది. 2022 వసంతం నుంచి రెండు లక్షల మందికి పైగా వలసదారులు వచ్చేసరికి ఆ ఒప్పందం వాళ్లకూ వర్తించింది. సరిహద్దు విధానం కేంద్రానిది, పని చేసుకునే అనుమతి ఇచ్చేది కేంద్రం, బిల్లు మాత్రం నగరానిది. శరణు దరఖాస్తు పెట్టాక పని అనుమతికి అడగాలంటేనే 150 రోజులు ఆగాలి. అప్పటికే మూతపడి ఉన్న రూజ్‌వెల్ట్ హోటల్‌ను 22 కోట్ల డాలర్ల ఒప్పందంతో నగరం తీసుకుంది. ఆ హోటల్ పాకిస్తాన్ అంతర్జాతీయ విమానయాన సంస్థది కావడం ఈ కథలో ఒక విచిత్రం. కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన నిధుల్లో 8 కోట్ల డాలర్లను 2025 ఫిబ్రవరిలో నగరం ఖాతా నుంచే వెనక్కి లాగేసుకున్నారు. 2025 జూన్‌లో రూజ్‌వెల్ట్ కేంద్రం మూతపడింది. నగరానికి భారం తగ్గడానికి సరిహద్దు దాటి వచ్చేవారు తగ్గడం ఒక కారణం. పెద్దలకు 30 రోజులు, కుటుంబాలకు 60 రోజులు అని బస మీద పెట్టిన గడువులు ఇంకో కారణం.

ఇకముందు చూడాల్సినవి

ఈ పార్లమెంటు కాలంలో, అంటే 2029 లోపు హోటళ్లు మూసేస్తామని, ఏడాదికి 100 కోట్ల పౌండ్లు మిగులుస్తామని బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2025 జూన్‌లో ప్రకటించారు. హోటళ్ల ఖర్చు 2023-24లో రోజుకు 83 లక్షల పౌండ్లు. 2024-25లో 57.7 లక్షలకు దిగింది. దిశ సరైనదే. కానీ 2025 జూన్ వరకు ఏడాదిలో శరణు కోరినవారు 1,11,000 మంది, రికార్డు స్థాయి. ఆ జూన్‌లో హోటళ్లలో 32,000 మంది ఉంటే సెప్టెంబరుకు 36,000 దాటారు.

2025 నవంబరులో హోం మంత్రి షబానా మహమూద్ ప్రకటించిన మార్పులు డబ్బు లెక్కను రెండు వైపులా కదిలిస్తాయి. వసతి ఇవ్వడాన్ని తప్పనిసరి బాధ్యతగా కాక ప్రభుత్వ విచక్షణగా మార్చాలన్నది అందులో ఒకటి. దానివల్ల హోం శాఖ బిల్లు తగ్గవచ్చు. అలా బయటపడినవారిలో ఎంతమంది కౌన్సిళ్ల నిరాశ్రయుల లెక్కలోకి వస్తారన్నది ఆ బిల్లులో కనిపించదు. రెండోది, శరణార్థి హోదాను తాత్కాలికం చేసి 30 నెలలకోసారి సమీక్షించడం. ప్రతి సమీక్షకూ ఒక అధికారి, ఒక ఫైలు, కాదంటే ఒక అప్పీలు కావాలి. ఇప్పుడున్నవే తేలని చోట కొత్త ఫైళ్లు వచ్చి చేరితే రోజుల సంఖ్య ఏ వైపు పోతుందో చూడాలి.

2019 కాంట్రాక్టుల్లో 2026లో మధ్యలో తప్పుకునే వీలు పెట్టుకున్నారు. మొత్తం గడువు 2029తో ముగుస్తుంది. తర్వాత ఏర్పాటు ఏమిటన్నదానికి ఒక గుర్తు బడ్జెట్‌లోనే దొరుకుతుంది. ఇళ్లు కొనడానికి, బాగుచేయడానికి కౌన్సిళ్లకు మూలధన నిధులు కేటాయిస్తే, శరణు వ్యవహారాల పద్దులో సంవత్సరం మొదట్లో రాసిన అంకె చివర ఖర్చుకు దగ్గరగా వస్తే, పద్ధతి మారిందని అనుకోవచ్చు. మొదట్లో చిన్న అంకె, ఫిబ్రవరిలో అనుబంధ పద్దు అన్న తంతు మళ్లీ జరిగితే, హోటల్ పేరు తీసేసి బ్యారక్స్ అని బోర్డు పెట్టినా బిల్లు కట్టే తీరు పాతదే.